తుడుపుగుడ్డ

ఆయప్ప ముఖం నాకు తెలుసు.
ఎడమ కనుబొమ్మ కింద చిన్న పుట్టుమచ్చ.
ఫ్లెక్సీ కొట్టినోళ్లు దాన్ని తీసేసినారు,
నేనైతే ఆరేండ్లు దాని మీద గుడ్డ పెట్టి రుద్దినా.

వాళ్ల హాల్లో బంగారు చట్రంలో ఉండేవాడు.
శుక్రవారం వస్తే మొదట ఆయప్ప,
తర్వాత గడియారం, తర్వాత చేపల తొట్టి.
"మెల్లగా తుడువు, ఆయన మా తండ్రి" అనేది మామా.
పక్క దేశంలో పెళ్లిపందిరి మీద బాంబులు పడిన రాత్రి
టీవీ సౌండు తగ్గించి
నన్ను టీ పెట్టమని లోపలికి పంపింది.
నాకు అరబ్బీ అంతగా రాదనుకునేది.
ఏడుపు అరబ్బీలో ఉండదని
ఆయమ్మకు తెలియదు.

ఇప్పుడు ఆయప్ప మా మంగంపేటకు వస్తాండాడు,
ముగ్గురాయి కోసం.
హెలికాప్టర్లు దిగేదానికి
బొప్పాయి తోటను చదును చేసినారు, కాయల్తోనే.
గని మేస్త్రి చిన్నోబయ్య చెప్పినాడు:
చమురు బావి తవ్వేటప్పుడు
కింద నుంచి ఒక్కసారిగా తన్నుకొస్తాదంట,
దాన్ని పైకి రానీకుండా అణిచేదానికి
బురదలో మన రాయి పొడి కలిపి పోస్తారంట.
అంత బరువు మన రాయికి.
"అక్కడ జనం మీద గూడా ఇదే పోస్తారేమో" అన్నా నేను.
చిన్నోబయ్య నవ్వలేదు.

ఊరు రెండుగా చీలిందని పేపరోళ్లు రాసినారు.
రెండేంది?
లారీలోళ్లు రావాలంటారు,
కాలేజీ పిల్లోళ్లు "హంతకుడా గో బ్యాక్" అంటారు,
మసీదులో ఒకాయనది ఒక మాట,
చెప్పులు తొడుక్కుంటా ఇంకొకాయనది ఇంకో మాట.
రాజంపేట దారి పొడుగునా
ప్రతి రెండో ఇంటి మనిషీ అక్కడే ఉండేది,
మేమేం అనాల?
గో బ్యాక్ అనే మాట మాకు వానకంటే బాగా తెలుసు.
ఉంటామంటే ఆ మాట అనేటోళ్లు,
పోతామంటే
పాస్‌పోర్టు దాచిన బీరువా చూపించేటోళ్లు.

సోమవారం రాత్రి కోడూరు సర్కిల్లో
ఫ్లెక్సీ మీద మడ్డి ఆయిల్ కొట్టినారు ఎవరో.
ఎవరో ఏంది, మా వీధిలో ఖదీర్‌వలీ కొడుకు నౌషాద్,
డిగ్రీ రెండో ఏడు,
గోళ్లలో నలుపు ఇంకా పోలే.
వాళ్ల నాయన అక్కడే డ్రైవరు.
తెల్లారకముందే ఫోన్ చేసినాడు,
"నా అకామా నెలాఖరుకు అయిపోతాది నాయనా" అని.
అంతే. మళ్లీ ఏం అనలేదంట.

పొదుపు సంఘం ఆడోళ్లను పిలిపించినారు.
"రేపు కాన్వాయి ఇటే. ముఖం శుభ్రంగా కనపడాల."
బకెట్టు, సర్ఫు, సీసాడు కిరసనాయిలు.
నిచ్చెన పట్టుకునేదానికి నౌషాదే వచ్చినాడు.
ఎందుకొచ్చినాడో నేను అడగలే.

గుడ్డ తడిపి పిండినా.
చెయ్యి దానంతట అదే లేచి
ఎడమ కనుబొమ్మ కిందికి పోయింది.
అక్కడ మచ్చ లేదు.
నిచ్చెన మీదనే నవ్వొచ్చింది నాకు.
"కూలెంత సారూ?" అన్నా.
"కూలేందమ్మా, ప్రభుత్వ పని."
"అక్కడ గూడా జీతమిచ్చినారు సారూ,
ఈ ముఖం తుడిచినందుకు.
సొంతూర్లో ఉత్తగా ఎట్ల తుడిచేది?"

కింద ఆడోళ్లు దోపిన కొంగులు దించినారు.
సారు ఫోన్ల మీద ఫోన్లు కొట్టినాడు,
దీన్ని ఏ పద్దు కింద రాయాలో
పైనోళ్లకు గూడా తెలియదంట.

మధ్యాహ్నం కబురొచ్చింది:
ఆయప్ప ఢిల్లీలోనే సంతకం పెట్టి పోయినాడని.

చదును చేసిన తోట అట్లనే ఉండాది,
ఫ్లెక్సీ అట్లనే ఉండాది, ముక్కు దాకా నల్లగా.
లారీలు రాయేసుకుని కృష్ణపట్నం దిక్కు పోతాండాయి,
టార్పాలిన్ చిరిగిన చోట పొడి రాల్తాంది
రోడ్డు పొడుగునా,
చుక్కల్లేని ముగ్గు.

నౌషాద్ రోజూ పొద్దు మునిగినాక వచ్చి
"అత్తా, ఆ గుడ్డ ఉందా" అంటాడు.
ఎందుకో చెప్పడు.
నెలాఖరుకు ఇంకా పదకొండు రోజులు.